మాంసం పశువుల్లో మందుల అవశేషాల పరీక్ష: దొడ్డి నుంచి ల్యాబ్ రిపోర్టు దాకా

ల్యాబ్‌లో చేరిన కొత్తలో నా బల్ల మీదికి ఒక శాంపిల్ వచ్చింది. తొడ కండ, చక్కగా గడ్డకట్టి ఉంది, సీలు చెక్కుచెదరలేదు, కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ ఉందేమో చూడమని రాసి పంపారు. చూశాం, లేదు. లేదనే రిపోర్టు ఇచ్చేశాం. కొన్నాళ్లకి అదే పశువు మూత్రపిండం విడిగా వస్తే అందులో బోలెడంత ఉంది. పరీక్షలో తప్పు లేదు, మెషిన్‌లో తప్పు లేదు, కానీ అడిగిన ప్రశ్నకీ పంపిన ముక్కకీ పొంతన లేదు, ఎందుకంటే జెంటామైసిన్ కండలోంచి తొందరగా పోతుంది, మూత్రపిండంలో మాత్రం నెలల తరబడి ఉండిపోతుంది.

ఆ రోజు నుంచి నేను ఎవరికి నేర్పినా ఒకటే చెప్తున్నాను. కత్తి చేతిలోకి తీసుకోకముందే మూడు ప్రశ్నలకి జవాబు కాగితం మీద ఉండాలి: ఏ మందు? ఏ అవయవం? ఏ హద్దు? ఈ మూడూ లేకుండా ఎంత ఖరీదైన పరికరంతో చూసినా వచ్చే అంకెకి అర్థం ఉండదు. పశువుల్ని పెంచేవాళ్లు, వైద్యం చేసేవాళ్లు, కబేళాలో తనిఖీ చేసేవాళ్లు, ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లు, అందరికీ పనికొచ్చేలా మొదటి నుంచీ వరసగా రాస్తున్నాను.

మొదటి మెట్టు: హద్దు ఎక్కడ ఉందో తెలుసుకోండి

మందు వాడిన పశువు ఒంట్లో ఎంతో కొంత మిగలడం నేరం కాదు. ఎంత మిగలొచ్చు అనేదానికి ఒక హద్దు ఉంటుంది, దాన్నే ఎంఆర్ఎల్ అంటారు, అంటే గరిష్ఠ అవశేష పరిమితి. కిలో మాంసంలో ఇన్ని మైక్రోగ్రాములు అని రాస్తారు. ఆ అంకె ఊరికే వేసింది కాదు. ముందు ప్రయోగ జంతువుల్లో ఎంత మోతాదు దాకా ఏ హానీ కనిపించలేదో చూస్తారు, దాన్ని మామూలుగా 100తో భాగిస్తారు, మనిషి రోజూ జీవితాంతం తిన్నా ఇబ్బంది రాని మోతాదు అలా వస్తుంది. ఆపైన 60 కిలోల మనిషి ఒక రోజులో 300 గ్రాముల కండ, 100 గ్రాముల కాలేయం, 50 గ్రాముల మూత్రపిండం, 50 గ్రాముల కొవ్వు తింటాడనుకుని లెక్క కడతారు. నిజానికి రోజూ అంత తినేవాళ్లు అరుదు, కావాలనే ఎక్కువ వేసుకుంటారు. అంతర్జాతీయంగా ఈ లెక్కలు జెక్ఫా అనే నిపుణుల సంఘం చేస్తుంది, దాని సిఫార్సుల మీద కోడెక్స్ అలిమెంటేరియస్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ పరిమితులు ఖరారు చేస్తుంది.

ఇక్కడ చాలామంది పొరపాటు పడేది ఏంటంటే, ఒక మందుకి ఒకే హద్దు అనుకోవడం. అవయవాన్ని బట్టి మారుతుంది, జాతిని బట్టి మారుతుంది, దేశాన్ని బట్టి కూడా మారుతుంది. టెట్రాసైక్లిన్లు అనే యాంటీబయాటిక్స్ సంగతే చూడండి. కోడెక్స్ ప్రకారం కండలో 200, కాలేయంలో 600, మూత్రపిండంలో 1200 మైక్రోగ్రాములు. యూరోపియన్ యూనియన్‌లో అవే వరసగా 100, 300, 600. అంటే కండలో 150 వచ్చిన మాంసం ఒక చోట పాస్, ఇంకో చోట ఫెయిల్. బెంజైల్ పెన్సిలిన్‌కి మాత్రం కండ, కాలేయం, మూత్రపిండం మూడింట్లోనూ 50. కండ పెరగడానికి దాణాలో కలిపే రాక్టోపమీన్ పరిమితి మీదైతే 2012లో కోడెక్స్‌లో ఓటింగే పెట్టాల్సి వచ్చింది, 69 ఓట్లు అటు, 67 ఇటు. పరిమితి ఆమోదం పొందింది, అయినా యూరోపియన్ యూనియన్, చైనా ఆ మందుని ఒప్పుకోలేదు. అందుకే మాంసం ఎక్కడ అమ్ముతారో ముందు తెలియాలి, ఆ చోటి హద్దునే పట్టుకోవాలి.

మరో వర్గం ఉంది, అసలు హద్దే పెట్టనివి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు లాంటి యాంటీబయాటిక్స్ తిండి జంతువుల్లో వాడకూడదు. క్లోరాంఫెనికాల్ వల్ల కొందరి ఎముక మజ్జ రక్తకణాలు చేయడం మానేస్తుంది. అలా జరగడానికి ఎంత మోతాదు కావాలో తేల్చి చెప్పలేరు కాబట్టి భద్రమైన మోతాదు అని ఒకటి పెట్టలేకపోయారు. అయితే ఏ పరికరమూ సున్నాని కొలవలేదు కదా, అందుకే ల్యాబులు ఎంత తక్కువ దాకా పట్టుకోవాలో ఒక అంకె నిర్ణయిస్తారు. యూరోపియన్ యూనియన్‌లో అది క్లోరాంఫెనికాల్‌కి 0.15 మైక్రోగ్రాములు, నైట్రోఫ్యూరాన్ మెటబోలైట్లకి, అంటే ఆ మందు ఒంట్లో విరిగి మిగిలే ముక్కలకి, 0.5. టెట్రాసైక్లిన్ 200తో పోల్చుకుంటే ఇది ఎంత వేరే ఆటో అర్థమవుతుంది.

రెండో మెట్టు: మందుకి సరైన అవయవం

ఈ పని మొత్తానికీ గుండెకాయ ఇదే, అందుకే కాస్త ఎక్కువ సేపు ఆగుతాను.

అమైనోగ్లైకోసైడ్లు, అంటే జెంటామైసిన్, నియోమైసిన్, స్ట్రెప్టోమైసిన్ లాంటివి, మూత్రపిండంలో వెతకాలి. పెన్సిలిన్లు, టెట్రాసైక్లిన్లు, సల్ఫా మందులు ఒంటినిండా తిరుగుతాయి, అయినా మూత్రపిండంలోనే ఎక్కువ దొరుకుతాయి, కాబట్టి మొదటి వడపోతకి అదే మంచిది. ఐవర్‌మెక్టిన్ లాంటి నట్టల మందులు కొవ్వులో కరుగుతాయి కాబట్టి కాలేయం, కొవ్వు చూడాలి, కండ చూస్తే సగం కథే తెలుస్తుంది. క్లెన్‌బ్యుటెరాల్ లాంటి బీటా అగోనిస్టులు, అంటే కండ పెంచి కొవ్వు తగ్గించే మందులు, కాలేయంలో ఉంటాయి, అక్కడ నుంచి పోయాక కూడా కంటి రెటీనాలో, నల్లటి వెంట్రుకల్లో చాలాకాలం ఉంటాయి, ఎందుకంటే అవి మెలనిన్ అనే నల్ల రంగు పదార్థానికి అతుక్కుంటాయి. బతికున్న పశువులో క్లెన్‌బ్యుటెరాల్ అనుమానం వస్తే మూత్రంతో పాటు వెంట్రుకలు తీసుకోమని చెప్పేది అందుకే.

ఇంకో మెలిక ఉంది. మీరు ఇచ్చిన మందే ఒంట్లో అదే రూపంలో ఉండాలని లేదు. ఎన్రోఫ్లాక్సాసిన్ కొంత సిప్రోఫ్లాక్సాసిన్‌గా మారుతుంది, అందుకే యూరోపియన్ యూనియన్ హద్దు రెండూ కలిపి లెక్కిస్తుంది. ఒకటి 70, ఇంకోటి 45 వస్తే ఏదీ 100 దాటలేదు కదా అని పాస్ చేయకూడదు, మొత్తం 115. నైట్రోఫ్యూరాన్లయితే మరీ మొండివి. అసలు మందు గంటల్లో మాయమైపోతుంది, దాని ముక్కలు మాత్రం కండలోని ప్రోటీన్లకి అతుక్కుని వారాల తరబడి ఉంటాయి. ఫ్యూరజోలిడోన్‌కి ఏఓజెడ్, ఫ్యూరాల్టడోన్‌కి ఏఎంఓజెడ్, నైట్రోఫ్యూరాంటోయిన్‌కి ఏహెచ్‌డీ, నైట్రోఫ్యూరజోన్‌కి ఎస్ఈఎం. వీటిలో ఎస్ఈఎం ఒక్కదానితో జాగ్రత్త, అది వేరే దారుల్లో కూడా పుడుతుంది, ఉదాహరణకి పిండిలో కలిపే అజోడైకార్బొనమైడ్ నుంచి. పిండి పూసిన మాంసంలో ఎస్ఈఎం దొరికిందని పెంపకందారుని మీద వేలు చూపించే ముందు పూత తీసేసి లోపలి కండలో చూడండి.

సూది వేసిన చోటు సంగతి వేరుగా చెప్పాలి. దీర్ఘకాలం పనిచేసే ఆక్సిటెట్రాసైక్లిన్ లాంటివి ఇచ్చిన చోటే ముద్దగా ఉండి మెల్లగా కరుగుతాయి. ఒంటంతా శుభ్రంగా ఉన్నా ఆ పిడికెడు కండలో హద్దుకి ఎన్నో రెట్లు ఉండొచ్చు. మెడ మీద, తొడలో రంగు మారిన మచ్చ, గట్టిపడిన చోటు కనిపిస్తే దాన్ని కోసి విడి పాకెట్‌లో వేసి, సూది చోటు అని రాయండి. మామూలు కండ శాంపిల్‌తో కలిపేస్తే రెండూ పాడవుతాయి.

మూడో మెట్టు: ఎన్ని పశువుల్ని చూడాలి

దేని కోసం చూస్తున్నారో దాన్ని బట్టి ఉంటుంది. మంద మొత్తం మీద, లేదా ఒక ప్రాంతం మీద పరిస్థితి ఏంటో తెలియాలంటే యాదృచ్ఛికంగా తీయాలి, అంటే లాటరీ వేసినట్టు. అనుమానం ఉన్నవాటిని పట్టుకోవాలంటే కావాలని ఎంచి తీయాలి. ఈ రెండింటి ఫలితాలు కలిపి ఒకే శాతంగా ఎక్కడా రాయకండి. అనుమానం మీద తీసిన 50లో 5 దొరికితే దేశంలో పది శాతం మాంసం పాడైందని కాదు.

యాదృచ్ఛికంగా అయితే లెక్క ఇది. వందలో ఒక పశువులో సమస్య ఉందనుకుందాం. 95 శాతం నమ్మకంతో కనీసం ఒక్కటైనా దొరకాలంటే 299 పశువుల్ని చూడాలి. వందలో 5 ఉంటే 59 చాలు, 10 ఉంటే 29. వెయ్యిలో ఒకటే ఉంటే 2995 కావాలి. ఎక్కడ చూసినా 300 శాంపిళ్లు అని వినిపించేది ఈ లెక్క వల్లే. దీన్ని తిప్పి చదివితే ఇంకా కళ్లు తెరుచుకుంటాయి: పది పశువుల్ని చూసి పదీ బాగున్నాయంటే, మంద మొత్తంలో 26 శాతం దాకా సమస్య ఉండే అవకాశాన్ని మీరు ఇంకా కొట్టేయలేదన్నమాట. పది చూసి అంతా బాగుంది అని ధ్రువీకరణ రాసేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఎంచి తీసేటప్పుడు ఎవరిని చూడాలి? ఒట్టిపోయాక కోతకి పంపిన పాడి ఆవులు, పొదుగు వాపుకి వైద్యం జరిగినవి. పుట్టిన కొద్ది రోజులకే వచ్చిన దూడలు, ఎందుకంటే మందు వాడిన ఆవు పాలని అమ్మడం కుదరక వాటికే పట్టిస్తుంటారు. కుంటుతున్నవి, దగ్గుతున్నవి, సూది మచ్చలున్నవి, పుండ్లున్నవి. కండ అసహజంగా బలిసి కొవ్వు బాగా తక్కువగా ఉన్నవాటిని బీటా అగోనిస్టుల కోసం చూడాలి. ఇంతకుముందు ఫెయిలైన చోటు నుంచి వచ్చినవి సరేసరి.

నాలుగో మెట్టు: దొడ్డి దగ్గరే మొదలుపెట్టండి

పశువు ఇంకా బతికుండగా పట్టుకుంటే అందరికీ మేలు. పెంపకందారుకి పశువు మిగులుతుంది, అవసరమైనన్ని రోజులు ఆగి అమ్ముకోవచ్చు. కోసేశాక తేలితే మాంసం మొత్తం పారేయాల్సిందే.

ముందు చికిత్స పుస్తకం అడగండి. పశువు గుర్తు, మందు పేరు, ఎంత ఇచ్చారు, నోటిలోనా సూదిలోనా, చివరి డోసు ఏ రోజు, విత్‌డ్రాయల్ పీరియడ్ ఎప్పటికి పూర్తవుతుంది. పుస్తకం లేకపోతే అదే ఒక పెద్ద సమాచారం. ఆ తర్వాత మందుల అలమర, వాడేసిన సీసాల బుట్ట చూడండి. పుస్తకంలో లేని మందు పేరు బుట్టలో దొరకడం నాకు ఒకటి రెండుసార్లు కాదు, చాలాసార్లు జరిగింది. దాణా, తాగే నీళ్లు కూడా శాంపిల్ తీయండి, ఎందుకంటే సూది వేయకపోయినా మందు కలిపిన దాణా కలిపిన యంత్రంలోనే మామూలు దాణా కలిపితే కాస్త అందులోకి వస్తుంది. సల్ఫాడిమిడిన్ ఇందులో మరీ పేరుమోసింది, పొడి రూపంలో యంత్రానికి అతుక్కుంటుంది, పైగా పందులు మూత్రం, పేడ అంటిన గడ్డిని నాకడం వల్ల మళ్లీ మళ్లీ లోపలికి పోతుంది.

విత్‌డ్రాయల్ పీరియడ్ అంటే చివరి డోసు నుంచి కోత దాకా ఆగాల్సిన రోజులు. దాదాపు అన్ని పశువుల్లోనూ అవశేషం హద్దు కిందికి దిగేంత సమయం లెక్కవేసి సీసా మీద వేస్తారు. అయితే అది ఆ సీసా మీద రాసిన జాతికి, ఆ డోసుకి, ఆ పద్ధతికి మాత్రమే. కండలో ఇవ్వాల్సింది చర్మం కింద ఇచ్చినా, చెప్పిన దానికంటే ఎక్కువ ఇచ్చినా, ఎక్కువ రోజులు ఇచ్చినా ఆ రోజుల లెక్క చెల్లదు. జబ్బు చేసిన పశువు మందుని మెల్లగా వదిలిస్తుంది, మూత్రపిండాలు దెబ్బతింటే మరీ మెల్లగా. లేబుల్‌లో లేని విధంగా వాడాల్సి వస్తే పశువైద్యులు కొత్త గడువు రాసివ్వాలి, మీ అంతట మీరు ఊహించుకోకండి.

బతికున్న పశువులో మూత్రం, రక్తం తీసి త్వరిత పరీక్ష చేయొచ్చు. మూత్రంలో మందు గాఢంగా ఉంటుంది కాబట్టి కండలో హద్దు లోపల ఉన్నా స్ట్రిప్ పాజిటివ్ చూపించొచ్చు. అలా వస్తే కంగారు పడి మందనంతా తప్పుపట్టకండి, ఆ పశువుని విడిగా కట్టి, కొన్ని రోజులాగి మళ్లీ చూడండి. ఒక సంగతి మర్చిపోకండి, స్ట్రిప్ నెగటివ్ అనేది ఆ స్ట్రిప్ పట్టుకోగలిగిన మందులకి మాత్రమే నెగటివ్.

ఐదో మెట్టు: కబేళాలో శాంపిల్ తీయడం

పశువు చెవి గుర్తుకీ, మాంసానికీ, అవయవాలకీ మధ్య లంకె తెగకుండా చూసుకోవడం ఇక్కడ మొదటి పని. కాలేయం ఒక తొట్టిలోకి, మాంసం ఒక కొక్కేనికి పోయాక ఏది ఎవరిదో తెలియదు. లోపలి అవయవాలు బయటికి తీసే చోటే నిలబడి తీసుకోండి.

కండ సుమారు 500 గ్రాములు, డయాఫ్రమ్ కండ (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండేది) బాగుంటుంది, చాలకపోతే మెడ కండ కలపండి. కాలేయం 400 నుంచి 500 గ్రాములు, మూత్రపిండం చిన్న జంతువుదైతే రెండూ పూర్తిగా. పిత్తాశయం చీరకుండా కోయండి, పిత్తరసం పడితే సూక్ష్మజీవుల పరీక్షలు అబద్ధం చెప్తాయి. ఒక్కో పశువుకీ కొత్త గ్లోవ్స్, శుభ్రమైన కత్తి.

ఇక్కడ ఎవరూ పట్టించుకోని విషయం ఒకటి చెప్తాను. శాంపిల్ తీసేవాళ్లు వాడుకునే సొంత మందులు కూడా శాంపిల్‌లోకి వస్తాయి. క్లోరాంఫెనికాల్ కంటి చుక్కలు, మోకాలి నొప్పికి రాసుకునే డైక్లోఫెనాక్ జెల్, దురదకి రాసుకునే స్టెరాయిడ్ క్రీమ్. 0.15 మైక్రోగ్రాములు కూడా పట్టుకునే చోట వేలికి అంటిన కాస్తంత చాలు, ఒక అమాయకుడి బతుకు తెరువు ఆగిపోవడానికి. కంటికి వైద్యం నడుస్తున్న రోజుల్లో శాంపిల్ తీసే పని పక్కవాళ్లకి అప్పగించండి.

ప్రతి శాంపిల్‌నీ రెండు భాగాలు చేసి విడివిడిగా సీలు వేయాలి. ఒకటి ల్యాబ్ పరీక్షకి, రెండోది ఎవరైనా ఫలితాన్ని ప్రశ్నిస్తే తీయడానికి. మీద రాయాల్సినవి: పశువు గుర్తు, జాతి, వయసు, ఎక్కడ నుంచి వచ్చింది, అవయవం, తేదీ, సమయం, తీసినవాళ్ల సంతకం, వెతకాల్సిన మందులు. సీలు నంబరు కాగితంలో, పాకెట్ మీద ఒకటే ఉండాలి. చేతులు మారిన ప్రతిసారీ సంతకం, సమయం పడాలి. ఈ గొలుసులో ఒక్క లింకు లేకపోయినా విచారణలో నిలబడదు.

తీసిన వెంటనే చల్లబరచి, తొందరగా గడ్డకట్టించండి. మైనస్ 20 డిగ్రీలు చాలా మందులకి సరిపోతుంది, కానీ పెన్సిలిన్లు అక్కడ కూడా మెల్లగా విరిగిపోతుంటాయి, ఎక్కువ రోజులు దాచాలంటే మైనస్ 70 లేదా అంతకంటే తక్కువ కావాలి. కరిగి మళ్లీ గడ్డకట్టిన శాంపిల్‌ని ల్యాబ్ తీసుకోకూడదు, తిప్పి పంపడానికి మొహమాటం వద్దు.

ఆరో మెట్టు: మొదటి వడపోత

అన్నీ ఖరీదైన పరికరంలో పెట్టలేం, పెట్టాల్సిన అవసరమూ లేదు. ముందు చవకగా, వేగంగా అనుమానం ఉన్నవాటిని వేరు చేస్తారు.

యాంటీబయాటిక్స్‌కి అన్నిటికంటే పాత, ఇప్పటికీ నేను ఇష్టపడే దారి సూక్ష్మజీవులతో చేసేది. ప్లేటులో బాసిల్లస్ సబ్టిలిస్ పెంచి, దాని మీద గడ్డకట్టిన కండ నుంచి తీసిన 8 మిల్లీమీటర్ల వెడల్పు, 2 మిల్లీమీటర్ల మందం బిళ్ల పెడతారు. రాత్రంతా 30 డిగ్రీల దగ్గర ఉంచితే, మాంసంలో యాంటీబయాటిక్ ఉన్న చోట సూక్ష్మజీవి పెరగక చుట్టూ ఖాళీ వలయం కనిపిస్తుంది. నాలుగు ప్లేట్ల పద్ధతిలో వేర్వేరు పీహెచ్‌లతో ప్లేట్లు పెట్టడానికి కారణం, ఒక్కో మందు ఒక్కో పీహెచ్ దగ్గర బాగా పనిచేస్తుంది. వలయం చుట్టూ 2 మిల్లీమీటర్లు లేదా ఎక్కువ ఉంటే అనుమానం. పెన్సిలిన్‌ని విరగ్గొట్టే పెన్సిలినేజ్ ఎంజైము కలిపినప్పుడు వలయం మాయమైతే అది పెన్సిలిన్ కుటుంబం, సల్ఫా ప్రభావాన్ని ఆపే పాబా అనే పదార్థం కలిపినప్పుడు మాయమైతే సల్ఫా, ఇలా దారి కాస్త దగ్గరవుతుంది.

వేగంగా కావాలంటే చిన్న గొట్టాల్లో వచ్చే పరీక్షలున్నాయి, ప్రెమీ టెస్ట్ లాంటివి. అందులో జియోబాసిల్లస్ స్టియరోథెర్మోఫిలస్ అనే సూక్ష్మజీవి స్పోర్లు (నిద్రాణ రూపాలు) అగార్ జెల్లీలో ఉంటాయి. కండ పిండి తీసిన రసం 100 మైక్రోలీటర్లు పోసి, 20 నిమిషాలు ఆగి, కడిగేసి, 64 డిగ్రీల దగ్గర పెట్టాలి. నెగటివ్ కంట్రోల్ ఊదా నుంచి పసుపుకి మారేదాకా, సుమారు మూడు నాలుగు గంటలు. శాంపిల్ కూడా పసుపైతే మందు లేదు, ఊదాగానే ఉండిపోతే అనుమానం. గడియారం చూసి తీయకండి, కంట్రోల్ చూసి తీయండి. ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ తేడా వచ్చినా సమయం మారిపోతుంది. మూత్రపిండంలో సహజంగా ఉండే లైసోజైమ్ కూడా సూక్ష్మజీవిని ఆపుతుంది కాబట్టి ఆ రసాన్ని ముందు వేడిచేసి లైసోజైమ్‌ని చంపాలి, లేకపోతే ప్రతి మూత్రపిండమూ దోషిలాగే కనిపిస్తుంది.

ఈ పరీక్షలు నట్టల మందుల్ని, హార్మోన్లని, బీటా అగోనిస్టుల్ని పట్టవు. క్లోరాంఫెనికాల్‌ని కూడా కావాల్సిన స్థాయిలో పట్టలేవు. వాటికి ఎలైజా (యాంటీబాడీలతో చేసే రంగు పరీక్ష) లేదా స్ట్రిప్. ఎలైజాలో కొత్తవాళ్లు తిరగేసి చదివేది ఒకటుంది: ఇది పోటీ పద్ధతి, కాబట్టి రంగు ఎక్కువ వస్తే మందు తక్కువ, రంగు తక్కువ వస్తే మందు ఎక్కువ. స్ట్రిప్‌లో కూడా అంతే, టెస్ట్ గీత మసకబారితేనో రాకపోతేనో పాజిటివ్. గర్భ పరీక్ష స్ట్రిప్ అలవాటుతో చదివారో, మొత్తం తలకిందులవుతుంది. నేను కొత్తవాళ్లతో మొదటి వారం తెలిసిన శాంపిళ్లే చదివిస్తాను, వాళ్లు కళ్లు మూసుకుని చెప్పగలిగేదాకా.

వడపోత ఎప్పుడూ తీర్పు కాదు. పాజిటివ్ వస్తే అనుమానం అనే రాయాలి.

ఏడో మెట్టు: నిర్ధారణ

ఇక్కడ ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్ వస్తుంది, అంటే మందుల్ని విడదీసి, అణువుల బరువు, వాటి ముక్కల బరువు చూసి గుర్తుపట్టే మెషిన్. సమంగా రుబ్బిన కండ ఒకటి రెండు గ్రాములు తీసుకుని, మందు బయటికి వచ్చేలా అసిటోనైట్రైల్ లాంటి ద్రావకంతో కలిపి, కొవ్వు తీసేసి, వడగట్టి మెషిన్‌లో ఎక్కిస్తారు. మందుని బట్టి చిన్న చిన్న మార్పులుంటాయి. టెట్రాసైక్లిన్లు లోహాలకి అతుక్కుంటాయి కాబట్టి లోహాల్ని పట్టేసే ఈడీటీఏ ఉన్న బఫర్ వాడాలి. అమైనోగ్లైకోసైడ్లు గాజుకి అతుక్కుంటాయి, వాటికి ప్లాస్టిక్ గొట్టాలే. నైట్రోఫ్యూరాన్లకి ఆమ్లంతో ప్రోటీన్ నుంచి విడగొట్టి, 2-నైట్రోబెంజాల్డిహైడ్‌తో 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచాలి, తొందరపడితే సగం దొరకదు. మూత్రంలో, కాలేయంలో కొన్ని మందులు చక్కెర అణువుకి అతుక్కుని దాక్కుంటాయి, గ్లూకురోనిడేజ్ ఎంజైముతో విడదీయకపోతే మెషిన్‌కి కనిపించవు.

ప్రతి బ్యాచ్‌లో మందు లేని మాంసం ఒకటి, తెలిసిన మోతాదు కలిపిన మాంసం ఒకటి తప్పనిసరి. మాంసంలోని మిగతా పదార్థాలు మెషిన్ సంకేతాన్ని అణచేస్తాయి, అందుకే ప్రామాణిక ద్రావణాన్ని ఉత్త ద్రావకంలో కాకుండా శుభ్రమైన మాంసపు రసంలో కలిపి కొలత గీత (కాలిబ్రేషన్) గీయాలి, ఐసోటోపు గుర్తు వేసిన అదే మందుని మొదట్లోనే శాంపిల్‌లో కలిపితే ఇంకా మంచిది.

ఫలానా మందే అని చెప్పడానికి నియమాలున్నాయి. యూరోపియన్ యూనియన్ 2021/808 నిబంధనలో అనుమతించిన మందులకి 4, నిషేధించిన వాటికి 5 గుర్తింపు పాయింట్లు రావాలి. బయటికి వచ్చే సమయం ప్రామాణికంతో 1 శాతం లోపల కలవాలి, రెండు అయాన్ల నిష్పత్తి ప్లస్ మైనస్ 40 శాతంలో ఉండాలి. ఒక్క శిఖరం సరైన చోట కనిపించిందని పేరు పెట్టేయకూడదు.

ఎనిమిదో మెట్టు: అంకెని చదవడం

ముందు యూనిట్ చూడండి. కిలోకు మైక్రోగ్రామా, మిల్లీగ్రామా? రెండింటి మధ్య వెయ్యి రెట్ల తేడా, ఈ ఒక్క పొరపాటు వల్ల మంచి మాంసం పారేయడమూ, పారేయాల్సింది వదిలేయడమూ రెండూ జరుగుతాయి.

ఆ తర్వాత నిర్ణయ పరిమితి, అంటే సీసీ ఆల్ఫా. ఏ కొలతలోనైనా కొంత తడబాటు ఉంటుంది. హద్దు 100, ల్యాబ్ తడబాటు 9 అనుకుందాం. 9ని 1.64తో గుణించి హద్దుకి కలిపితే సుమారు 115. అంటే ఆ ల్యాబ్‌లో 108 వస్తే హద్దు దాటిందని కచ్చితంగా చెప్పలేం, 118 వస్తే చెప్పగలం, తప్పయ్యే అవకాశం 5 శాతం లోపే. నిషేధించిన మందులకి ఆ తప్పు అవకాశాన్ని 1 శాతానికి తగ్గించాలి. అయితే 108ని ఫైల్లో పెట్టి మర్చిపోవడం నాకు నచ్చదు, ఆ దొడ్డికి ఒకసారి వెళ్లి చూడాలి.

కనబడలేదు అని రాసి ఉంటే పక్కన ఎంత దాకా చూశారో అంకె ఉండాలి. అది లేని రిపోర్టుని వెనక్కి పంపండి.

తొమ్మిదో మెట్టు: ఫెయిలైతే

మాంసం హోల్డ్‌లో ఉండాలి, అవయవాలతో సహా. ఉడికిస్తే పోతుంది కదా అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. పెన్సిలిన్, టెట్రాసైక్లిన్ కొంత తగ్గుతాయి, అంతే. ఫ్లోరోక్వినలోన్లు, అమైనోగ్లైకోసైడ్లు వేడిని తట్టుకుంటాయి, క్లెన్‌బ్యుటెరాల్ మరుగుతున్న నీళ్లలోనూ చెక్కుచెదరదు. 1990లో స్పెయిన్‌లో క్లెన్‌బ్యుటెరాల్ ఉన్న పశువు కాలేయం తిని 135 మంది గుండెదడ, వణుకుతో జబ్బుపడ్డారు. 2011లో మెక్సికోలో జరిగిన అండర్-17 ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌లో 109 మంది ఆటగాళ్ల మూత్రంలో క్లెన్‌బ్యుటెరాల్ దొరికింది, పిల్లలు డోపింగ్ చేయలేదు, మాంసం తిన్నారు.

ఆ తర్వాత దొడ్డికి వెళ్లాలి, శిక్ష వేయడానికంటే ముందు కారణం తెలుసుకోవడానికి. నేను చూసినంతలో దురుద్దేశం అరుదు. వైద్యం చేసిన పశువుకి గుర్తు కట్టకపోవడం, ఒకరు సూది వేస్తే ఇంకొకరు అమ్మేయడం, తేదీ రాయకపోవడం, దాణా యంత్రం కడగకపోవడం, ఇవే ఎక్కువ. కాలికి ఎర్ర పట్టీ కట్టడం, అమ్మే మనిషి చేతికే చికిత్స పుస్తకం ఇవ్వడం, ఈ రెండింటితోనే సగం కేసులు ఆగిపోతాయి. నిషేధించిన మందు దొరికితే మాత్రం దారి వేరు: మంద మొత్తాన్ని కదలనివ్వకూడదు, దాణా, నీళ్లు, మందుల అలమర అన్నీ శాంపిల్ తీయాలి, మందు ఎక్కడ కొన్నారో వెనక్కి వెళ్లాలి. అప్పుడు కూడా వాళ్ల మాట వినాలి. గడ్డిలో మట్టి సూక్ష్మజీవుల వల్ల క్లోరాంఫెనికాల్ సహజంగా పుట్టిన సందర్భాలున్నాయి, అందుకే పరుపుగా వేసిన గడ్డి కూడా ఒక పాకెట్‌లో తీసుకురండి.

పెంపకందారు ఒప్పుకోకపోతే రెండో సీలు శాంపిల్ వాళ్ల సమక్షంలో తీసి, వేరే ల్యాబ్‌కి పంపాలి. ఫలితాన్ని ప్రశ్నించే గడువు ముగిసేదాకా ఆ శాంపిల్‌ని పారేయకండి, మెషిన్ ముడి ఫైళ్లు కూడా. ఆ చోటు నుంచి తర్వాత వచ్చే పశువుల్ని ఎంచి తీసే జాబితాలో పెట్టండి, అదే మందుకి, అదే అవయవంలో. విడిగా కట్టి ఉంచిన పశువుల్ని వదిలే ముందు విత్‌డ్రాయల్ గడువు పూర్తయిందని పుస్తకంలో చూసి, మూత్రం ఒకసారి పరీక్షించి, ఆ రెండింటి తేదీలూ రాశాకే కాలి పట్టీ విప్పండి.